దాగి ఉన్న కాపీ: సీమ తోటల్లో, చేలల్లో, ఇళ్లల్లో వారసత్వం

విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా అన్న సామెతకు జవాబు అక్కర్లేదని అందరూ అనుకుంటారు. బనగానపల్లె ప్రాంతంలో మామిడి తోట వేసే రైతు మాత్రం ఆ సామెతను నమ్ముకుని టెంకలు పాతడు. బంగినపల్లి పండు తిని టెంక నాటితే మామిడి చెట్టే మొలుస్తుంది, కానీ అది బంగినపల్లి కాదు. కాయ చిన్నది కావచ్చు, పీచు ఉండవచ్చు, మాగినా పులుపు పోకపోవచ్చు. ఎప్పుడో ఒకసారి తల్లిని మించిన చెట్టు కూడా రావచ్చు. ఏది వచ్చిందో ఏళ్ల తరబడి పెంచి, కాపు చూస్తే గానీ తెలియదు.

అందుకే నర్సరీలో అంటు మొక్క కొంటారు. అందులో కింది వేరు ఏదో టెంక నుంచి మొలిచిన మొక్కది, పై కొమ్మ బంగినపల్లి చెట్టు నుంచి కోసి తెచ్చింది. ఆ కొమ్మ చెట్టవుతుంది, దాని కొమ్మ ఇంకో తోటలో మరో చెట్టవుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ రకం ఇవాళ ఎన్ని ఊళ్లకు పాకినా, ఆ చెట్లన్నీ ఒకప్పటి చెట్టు కొమ్మలకు కొనసాగింపే. వాటిని పిల్లలు అనడం కూడా సరి కాదు.

ఇంత మంచి చెట్టు తన గుణాన్ని తన విత్తనానికి ఎందుకు అప్పగించలేకపోతోంది? వారసత్వం గురించి తెలుసుకోవాల్సిందంతా దాదాపు ఈ ప్రశ్నలోనే ఉంది.

మామిడి కణంలో 40 క్రోమోజోములు ఉంటాయి, అంటే 20 జతలు. ప్రతి జతలో ఒకటి కాయ కాసిన చెట్టు నుంచి, రెండోది పుప్పొడి ఇచ్చిన చెట్టు నుంచి వస్తుంది. క్రోమోజోములో చుట్ట చుట్టుకొని ఉన్న డీఎన్ఏలో ఒక్కొక్క భాగం ఒక్కొక్క ప్రోటీన్ ఎలా తయారు కావాలో చెబుతుంది. ఆ భాగమే జన్యువు. క్రోమోజోములు జతలుగా ఉంటాయి కాబట్టి జన్యువుకు రెండు కాపీలు ఉంటాయి, ఆ రెండూ ఒకేలా ఉండాలని లేదు. పుప్పొడి గానీ అండం గానీ తయారయ్యేటప్పుడు ప్రతి జతలో ఒక్క కాపీయే అందులోకి వెళ్తుంది. ఏది వెళ్తుందన్నది ఏ చెట్టూ నిర్ణయించదు.

మామిడి పూతపై ఈగలు, తేనెటీగలు తిరుగుతాయి కాబట్టి పక్క చెట్టు పుప్పొడి వచ్చి పడుతుంది. తరతరాలుగా ఇలాగే జరగడం వల్ల బంగినపల్లి చెట్టులోనే వేల జన్యువుల దగ్గర రెండు కాపీలు రెండు రకాలుగా ఉన్నాయి. మనం మెచ్చుకునే రుచి, రంగు, పీచు లేని కండ ఆ ప్రత్యేకమైన జతల కూర్పు వల్ల వచ్చినవి. టెంకలోకి ఆ జతలు జతలుగా పోవు. సగం కాపీలు పోతాయి, మిగతా సగం ఇంకో చెట్టువి వచ్చి చేరతాయి. దాంతో పాత కూర్పు చెదిరిపోతుంది. తల్లిలో ఉండీ కనిపించని కాపీలు పిల్లలో బయటపడతాయి.

తల్లిదండ్రుల గుణాలు పాలూ నీళ్లూ కలిసినట్లు పిల్లల్లో కలిసిపోతాయన్న ఊహ మన మాటల్లో బాగా పాతుకుపోయింది. రక్తం, వంశం, పోలిక అన్న మాటలన్నిటి వెనకా అదే ఉంది. అది నిజమైతే తరం తరానికీ తేడాలు చెరిగిపోయి అందరూ ఒకే మాదిరిగా తయారవ్వాలి. అలా జరగదని లెక్కలతో చూపించినవాడు గ్రెగర్ మెండెల్. ఆయన ఇప్పటి చెక్ దేశంలోని బర్నో పట్టణంలో క్రైస్తవ సన్యాసి. 1856 నుంచి 1863 దాకా మఠం తోటలో దాదాపు 28 వేల బఠాణీ మొక్కలు పెంచి, 1866లో ఫలితాలు అచ్చు వేశాడు. 1884లో ఆయన చనిపోయే నాటికి దాన్ని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు వేరువేరుగా అదే సంగతికి చేరుకున్నాక గానీ ఆయన పేరు బయటికి రాలేదు.

గుండ్రటి గింజల రకాన్ని, ముడతల గింజల రకాన్ని కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రంగానే వచ్చాయి. వాటిని వాటి పుప్పొడితోనే ఫలదీకరణ కానిస్తే రెండో తరంలో 7,324 గింజలు వచ్చాయి. వాటిలో 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. మూడుకు ఒకటి. ముడత ఒక తరం పాటు కనిపించకుండా పోయి, ఏ మాత్రం పలచబడకుండా తిరిగి వచ్చింది. కనిపించే కాపీని బహిర్గతమనీ, దాగే కాపీని అంతర్గతమనీ పదో తరగతి పుస్తకంలో చదువుకుంటాం. ఈ పేర్లు వింటే ఒకటి బలమైనదనీ, ఇంకొకటి బలహీనమైనదనీ అనిపిస్తుంది. అసలు సంగతి అది కాదు. ముడత గింజల్లో పిండి పదార్థాన్ని శాఖలుగా అల్లే ఒక ఎంజైము తయారుకాదని 1990లో తేలింది. ఆ జన్యువు మధ్యలోకి సుమారు 800 రసాయన అక్షరాల పొడవున్న డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి దూరింది. ఎంజైము లేకపోతే గింజలో చక్కెర మిగిలిపోతుంది, గింజ నీరు ఎక్కువ పీలుస్తుంది, ఎండినప్పుడు ముడుచుకుపోతుంది. పనిచేసే కాపీ ఒక్కటున్నా సరిపడా ఎంజైము తయారవుతుంది కాబట్టి గింజ గుండ్రంగా ఉంటుంది. చెడిన కాపీ మాత్రం అక్కడే ఉంటుంది, తర్వాతి తరానికి సగం అవకాశంతో వెళ్తూనే ఉంటుంది.

ఇంతవరకు చూశాక అనంతపురం ఎర్రనేలల రైతుకు ఒక అనుమానం రావాలి. మామిడి టెంక తల్లిలా మొలవకపోతే, ఇంట్లో దాచుకున్న చెనిక్కాయ విత్తనం ఏటా అదే రకంగా ఎలా మొలుస్తోంది? 1940లో విడుదలైన టీఎంవీ-2 రకం ఈ జిల్లాలో కొన్ని తరాల రైతుల చేతుల్లో నిలిచింది. కదిరి పరిశోధనా స్థానం 2002లో ఇచ్చిన కె-6 కూడా ఊళ్లకు ఊళ్లు పాకింది. కర్నూలులో బుడ్డలన్నా, మరో చోట వేరుశనగన్నా ఈ మొక్క పువ్వు తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది. పువ్వు పూర్తిగా విచ్చుకునే లోపే ఆ పని అయిపోతుంది. తనతో తానే కలిసే మొక్కలో తరం తరానికీ వేరువేరు కాపీల జతలు సగం చొప్పున తగ్గిపోతాయి. ఏడెనిమిది తరాలకు దాదాపు ప్రతి జన్యువు దగ్గరా రెండు కాపీలూ ఒకటే అయిపోతాయి. దాగి ఉండడానికి అక్కడ ఇంకేమీ మిగలదు. అందువల్లే కె-6 కాయ నుంచి కె-6 వస్తుంది. కొన్నేళ్లకు విత్తనంలో బెరుకులు, అంటే ఆ రకానికి చెందనివి, కనిపిస్తే అది ఎక్కువగా కళ్లంలో, సంతలో, గోతాల్లో వేరే రకం కలవడం వల్లే. రైతు శ్రద్ధగా ఏరుకుంటే విత్తనం నిలుస్తుంది.

వేరుశనగకు ఇంకో విశేషం ఉంది. దక్షిణ అమెరికాలో కొన్ని వేల ఏళ్ల క్రితం రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క ఇది. రెండు జాతుల క్రోమోజోములూ పూర్తిగా నిలిచిపోవడంతో దీనికి 40 క్రోమోజోములు ఉన్నాయి. చాలా జన్యువులు రెండు జతలుగా ఉన్నాయి. నూనెలో ఓలిక్ ఆమ్లాన్ని లినోలిక్ ఆమ్లంగా మార్చే ఎంజైముకు కూడా ఇలాగే రెండు జన్యువులు ఉన్నాయి. లినోలిక్ ఎక్కువైతే నూనె, పప్పు త్వరగా ముక్కిన వాసన వేస్తాయి. ఓలిక్ ఎక్కువ ఉండాలంటే ఆ రెండు జన్యువులూ చెడాలి, ఒక్కోదానిలో రెండు కాపీలూ చెడాలి. నాలుగు కాపీల్లో ఒక్కటి పనిచేసినా ఎంజైము తన పని తాను చేసుకుపోతుంది. మామూలు రకాన్ని, ఓలిక్ ఎక్కువున్న రకాన్ని కలిపితే రెండో తరంలో పదహారు మొక్కల్లో ఒక్కదానిలోనే నాలుగూ కలిసి వస్తాయి. గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఓలిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉండడానికి కారణం ఈ అరుదైన కలయిక. చెడిన జన్యువే ఇక్కడ మంచి గుణం అయింది. ఏ కాపీ మంచిదో, ఏది చెడ్డదో జన్యువును చూసి చెప్పలేం, అది చేసే పనిని చూసి చెప్పాలి.

పత్తి దగ్గరకు వచ్చేసరికి ఇదంతా డబ్బు లెక్కగా మారుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు సీడ్ పత్తి, అంటే రెండు రకాలను కలిపి హైబ్రిడ్ విత్తనం తీయడానికి పెంచే పత్తి, వేస్తారు. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలోని కేసరాలు ఒక్కొక్కటిగా గిల్లి తీసేస్తారు. ఉదయాన్నే మగ వరుసల నుంచి తెచ్చిన పువ్వును దానికి రాస్తారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ఎకరంలో వేల పూలకు ఇలా చేయాలి. ఈ పనికి చిన్నపిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను బడి మాన్పించి దించడం ఏళ్ల తరబడి సాగింది. ఇది ఈ ప్రాంతం మీద పడిన నిజమైన మచ్చ.

ఇంత శ్రమ ఎందుకంటే, రెండు స్థిరమైన రకాలు కలిసిన మొదటి తరం మొక్కలు ఏపుగా, ఒకే తీరుగా పెరుగుతాయి. ఒక రకంలో చెడిన కాపీని రెండో రకంలోని మంచి కాపీ కప్పేస్తుంది. కానీ ఆ మొక్కల్లో చాలా జన్యువుల దగ్గర రెండు వేరు కాపీలు పక్కపక్కనే ఉంటాయి. ఆ పత్తి గింజలే దాచి మళ్లీ వేస్తే చేను చేనంతా చెదిరిపోతుంది. ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముందే కాస్తుంది, ఒకటి అసలు కాయదు. కంపెనీ ఏదో మందు కలిపి విత్తనాన్ని పాడు చేసిందని ఊళ్లలో అనుకుంటారు. అక్కర్లేదు. మెండెల్ తోటలో ముడత గింజలు తిరిగొచ్చిన తీరే ఇది కూడా. ఏటా ప్యాకెట్ కొనక తప్పని వ్యాపారం ఈ నియమం మీదే నిలబడి ఉంది. హైబ్రిడ్లకు బదులు స్థిర రకాలతో పత్తి పండించే దేశాలు ఎన్నో ఉన్నాయి. వర్షాధార రైతు మీద విత్తన ఖర్చు భారం తగ్గాలంటే ఆ దారి మళ్లీ తెరవాలి. నంద్యాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన నరసింహ పత్తి లాంటి స్థిర రకాలు ఒకప్పుడు ఇక్కడ బాగా సాగయ్యాయి.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన జన్యువును పత్తిలో చేర్చారు. దాని ప్రోటీన్ తిన్న కాయతొలుచు పురుగు చచ్చిపోతుంది. 2006 నుంచి రెండు బీటీ జన్యువులున్న విత్తనం వచ్చింది. మన హైబ్రిడ్లలో బీటీ జన్యువు సాధారణంగా ఒక వైపు నుంచే వస్తుంది, అంటే మొక్కలో దాని కాపీ ఒక్కటే. మొక్కంతా విషపూరితమే, కానీ కాయ లోపలి గింజలు తర్వాతి తరం. వాటిలో నాలుగింట ఒకదానికి ఆ జన్యువు ఉండదు. జన్యువులు రెండైతే పదహారింట ఒకదానికి రెండూ ఉండవు. గులాబీ రంగు పురుగు కాయలోకి దూరి గింజ నుంచి గింజకు తింటూ పోతుంది. ఒక గింజలో విషం, పక్క గింజలో లేదు. విషాన్ని కొద్దికొద్దిగా తట్టుకునే పురుగులు బతికి బయటపడడానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

పురుగుకూ రెండు కాపీలే. విషాన్ని తట్టుకునే గుణం చాలా వరకు అంతర్గతం, రెండు కాపీలూ అలాంటివైతేనే పురుగు బతుకుతుంది. ఈ సంగతి మీదే నాన్ బీటీ ప్యాకెట్ ఆలోచన పుట్టింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చి, చేను చుట్టూ వేయమన్నారు. ఆ మొక్కల మీద మామూలు పురుగులు వేలల్లో బతుకుతాయి. బీటీ చేలో బతికిన ఒకటీ అరా పురుగు రెక్కల పురుగై వాటితో జతకడితే, పిల్లలకు తట్టుకునే కాపీ ఒక్కటే వస్తుంది. అవి బీటీ మొక్కను తిని చస్తాయి. దాగిన కాపీని దాగిన చోటే ఉంచడం ఈ పథకం. అయితే ప్యాకెట్ మీద ఈ కథ ఎవరూ రాయలేదు. పురుగును పెంచడానికి నేల వదలమంటే రైతు ఎందుకు వదులుతాడు? చిన్న ప్యాకెట్లు చాలా చోట్ల గట్టు మీదే పడ్డాయి.

శనగపచ్చ పురుగు విషయంలో ఇంత నష్టం జరగలేదు. అది కంది, శనగ, టమాటా అన్నీ తింటుంది. కర్నూలు నల్లరేగళ్లలో శనగ, కంది కావలసినంత ఉన్నాయి కాబట్టి మామూలు పురుగులకు ఎప్పుడూ చోటు దొరికింది. గులాబీ పురుగుకు పత్తి తప్ప దాదాపు వేరే మేత లేదు. తట్టుకునే పురుగులు వాటిలో అవే జతకట్టాయి, రెండు కాపీలూ కలిశాయి. 2015 నాటికి గుజరాత్‌లో రెండు జన్యువుల బీటీని సైతం లెక్కచేయని పురుగు బయటపడింది. తర్వాత మిగతా రాష్ట్రాల్లోనూ, మన చేలల్లోనూ కాయలు పుచ్చిపోవడం మొదలైంది.

అంతర్గత కాపీ మేలు చేసిన కథ కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద వరి మడుల్లో ఉంది. బీపీటీ అని రైతులు పిలిచే సాంబ మసూరి 1986లో బాపట్ల నుంచి వచ్చింది. జీఈబీ-24, తైచుంగ్ నేటివ్-1, మసూరి అనే మూడు రకాలు దాని పూర్వీకులు. సన్న గింజ, మెత్తటి అన్నం. లోపమల్లా తెగుళ్లకు లొంగిపోవడం, ముఖ్యంగా బాక్టీరియా ఎండాకు తెగులుకు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి ఈ రకంలోకి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఇది బీటీ లాంటిది కాదు, మామూలు సంకరణంతోనే చేశారు. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ-21 బహిర్గతం, ఒక అడవి వరి నుంచి వచ్చింది. మిగతా రెండు, ఎక్స్‌ఏ-5, ఎక్స్‌ఏ-13, అంతర్గతాలు.

రోగాన్ని అడ్డుకునే గుణం అంతర్గతం ఎలా అవుతుంది? ఈ బాక్టీరియా మొక్క కణంలోకి తన ప్రోటీన్లను పంపి, చక్కెరను కణం బయటికి వదిలే ఒక జన్యువును మొక్క చేతనే ఆన్ చేయిస్తుంది. బయటికొచ్చిన చక్కెర బాక్టీరియాకు తిండి. ఎక్స్‌ఏ-13 కాపీలో ఆ జన్యువు ముందున్న స్విచ్ అక్షరాలు మారిపోయాయి. బాక్టీరియా పంపిన ప్రోటీన్‌కు అంటుకునే చోటు దొరకదు, చక్కెర రాదు. కానీ రెండు కాపీల్లో ఒకటి మామూలుదైతే బాక్టీరియాకు ఆ ఒక్కటీ చాలు. తలుపులు రెండూ మూస్తేనే దొంగ బయట ఉంటాడు. ఇలాంటి కాపీని ఒక రకం నుంచి మరో రకంలోకి తేవడం పాత పద్ధతిలో చాలా కష్టం. బీపీటీతో మళ్లీ మళ్లీ కలిపే ప్రతి తరంలోనూ మంచి కాపీ ఒక్కటే ఉంటుంది కాబట్టి మొక్క తెగులుకు లొంగే కనిపిస్తుంది. ఏ మొక్కలో అది దాగి ఉందో కంటితో తేల్చలేం. డీఎన్ఏ గుర్తులు చూసి మొక్కలను ఎంపిక చేసే పద్ధతి రావడంతో నారు దశలోనే ఆకు ముక్క తీసి తేల్చేయగలిగారు. బీపీటీ రుచి, గింజ అలాగే మిగిలాయి, తెగులు ఒక్కటే పోయింది. 2025 మేలో ప్రకటించిన కమల వరి కూడా ఈ సాంబ మసూరి నుంచే వచ్చింది. అందులో బయటి జన్యువు చేర్చలేదు. ఉన్న జన్యువునే ఎడిట్ చేసి గింజల సంఖ్య పెంచారు.

బొప్పాయి గురించి క్లుప్తంగా. పాత కడప, అనంతపురం జిల్లాల్లో ఎక్కువగా వేసే రెడ్ లేడీ రకంలో కొన్ని చెట్లు ఆడవి, మిగతావి ద్విలింగ చెట్లు. ద్విలింగ చెట్టు కాయ పొడుగ్గా, కండ ఎక్కువగా ఉంటుంది, మార్కెట్‌కు అదే కావాలి. ఆ చెట్టు గింజలు వేస్తే ద్విలింగ చెట్లు రెండు, ఆడ చెట్టు ఒకటి అన్న నిష్పత్తిలో వస్తాయి. మూడుకు ఒకటి రావాల్సిన చోట రెండుకు ఒకటే ఎందుకు? ద్విలింగ క్రోమోజోము రెండు కాపీలు కలిసిన పిండం బతకదు, గింజలోనే చనిపోతుంది. గుంతకు రెండు మూడు మొక్కలు నాటి, పూత చూసి ఒకటే ఉంచే అలవాటు వెనక ఈ లెక్క ఉంది.

మనుషుల విషయంలో ఈ లెక్కలు మాట్లాడడం అంత తేలిక కాదు. సీమలో మేనరికం బంధుత్వానికి, భూమికి, నమ్మకానికి ముడిపడిన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ సుమారు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధీకుల మధ్యే జరుగుతోంది. మనిషికి 23 జతల క్రోమోజోములు, సుమారు 20 వేల జన్యువులు. ప్రతి ఒక్కరిలోనూ ఏవో కొన్ని చెడిన కాపీలు దాగి ఉంటాయి. రెండోది పనిచేస్తోంది కాబట్టి జీవితాంతం తెలియదు. సంబంధం లేని ఇద్దరికి అదే జన్యువులో అదే చెడు ఉండే అవకాశం తక్కువ. మేనత్త, మేనమామ పిల్లలకు మాత్రం తాత, అవ్వ ఒక్కరే. ఆ తాతలోని ఒక కాపీ ఇద్దరి ద్వారా దిగి, వాళ్ల బిడ్డలో మళ్లీ కలుసుకోవచ్చు. అలాంటి బిడ్డలో సగటున పదహారు జన్యువుల్లో ఒకదాని దగ్గర రెండు కాపీలూ ఒకే పూర్వీకుడివి అవుతాయి, అంటే దాదాపు 1,250 చోట్ల. అక్క కూతురిని చేసుకుంటే ఇది రెట్టింపై ఎనిమిదింట ఒకటవుతుంది, దాదాపు 2,500 చోట్ల. వేరుశనగ మొక్క తనతో తాను కలిసినప్పుడు జరిగేదే ఇక్కడ నెమ్మదిగా జరుగుతుంది. వేరుశనగలో పనికిరాని మొక్కలను ప్రకృతి, పరిశోధకుడు ఏరిపారేశారు. ఇళ్లల్లో మాత్రం ప్రతి బిడ్డా ప్రాణమే.

ఏ పెళ్లిలోనైనా పుట్టుకతో తీవ్రమైన లోపం వచ్చే అవకాశం రెండు మూడు శాతం ఉంటుంది. వరస మరదలిని చేసుకుంటే దానికి మరో రెండు మూడు శాతం కలుస్తుంది. మేనమామ పెళ్లిలో ఇంకొంచెం ఎక్కువ. అంటే మేనరికపు పిల్లల్లో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. మా అమ్మానాన్నలది మేనరికమే, మాకేమైంది అన్న మాట అబద్ధం కాదు. కానీ అది ఆ ఇంటికి మాత్రమే నిజం. పుట్టు చెవుడు, కొన్ని కంటి జబ్బులు, తలసీమియా లాంటివి వచ్చిన ఇంట్లో లెక్క వేరు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో చెడిన కాపీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది. ఇలాంటి జబ్బుల్లో తల్లిని నిందించడం పచ్చి అన్యాయం, కాపీలు ఇద్దరి నుంచీ సమానంగా వచ్చాయి. తలసీమియా కాపీ మోస్తున్నారో లేదో పెళ్లికి ముందే మామూలు రక్త పరీక్షతో తెలుస్తుంది. వధూవరుల జాతకాలు చూపించడానికి పడే శ్రమలో కొంత దీనికి పెట్టినా చాలు.

మేనరికం మానేస్తే సరిపోతుందా? ఒకే కులంలో వేల ఏళ్లు పెళ్లిళ్లు జరిగితే కూడా దాగిన కాపీలు పోగవుతాయి. ఆర్యవైశ్యుల్లో సక్సినైల్‌కోలిన్ అనే మత్తు సంబంధిత మందును విరిచే ఎంజైము లేనివాళ్లు మిగతావారి కన్నా ఎక్కువని జన్యు పరిశోధనల్లో తేలింది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే ఆ మందు ప్రభావం మామూలుగా కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ ఎంజైము జన్యువు రెండు కాపీలూ చెడినవారికి గంటల తరబడి ఊపిరి కండరాలు పనిచేయవు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు. ఇందులో ఆ కులానికి తక్కువేమీ లేదు. పెళ్లిళ్లకు గిరి గీసుకున్న ప్రతి సమూహానికీ ఇలాంటివి ఏవో ఉంటాయి. ఈ జన్యువు మరో సంగతి కూడా చెబుతుంది. ఆ మందు తగలనంత కాలం ఆ మనిషి పూర్తి ఆరోగ్యవంతుడే. జన్యువు ఒక్కటే జబ్బు కాదు, మందు ఒక్కటే కాదు, రెండూ కలిసిన చోటే ప్రమాదం.

పొడవు, చర్మపు రంగు, షుగర్ వచ్చే అవకాశం లాంటి గుణాల్లో ఒక్క జన్యువు పెత్తనం ఉండదు. మనిషి పొడవుతో సంబంధం ఉన్న తేడాలు డీఎన్ఏలో సుమారు 12 వేల చోట్ల ఉన్నాయని 2022లో తేల్చారు. వాటి పైన చిన్నతనంలో తిన్న తిండి కూడా ఉంది. ఒక్క జన్యువే నడిపే గుణంలోనూ తిండి మాట చెల్లుతుందని గొర్రెల్లో చూడవచ్చు. బెంగాల్ గరోల్ గొర్రెలో ఒక్క అక్షరం మారిన జన్యువు వల్ల ఈతకు కవలలు పుడతాయి. మహారాష్ట్రలోని ఫల్టన్‌లో దాన్ని దక్కన్ గొర్రెలోకి తెచ్చారు, ఒక్క కాపీ చాలు. ఆ దక్కన్ జాతి నల్ల గొర్రె కళ్యాణదుర్గం బీళ్లలోనూ మేస్తుంది. కానీ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, కరువు ఏట తల్లికే మేత లేనప్పుడు, రెండో పిల్లకు పాలెక్కడివి? అక్కడ ఆ జన్యువు లాభమో నష్టమో మేత తేలుస్తుంది.

ఇంటిల్లిపాదిలో కనిపించేదల్లా వారసత్వం కాదు. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్లలో తాత, తండ్రి, మనవడు ముగ్గురికీ పళ్ల మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. కొందరికి వయసు మీద పడకుండానే నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. మా వంశంలోనే ఉంది అంటారు. అది బోరు నీళ్లలోని ఫ్లోరైడ్. గ్రానైట్ రాళ్ల పొరల నుంచి నీళ్లలోకి దిగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. పంటి మచ్చలు పడేది పళ్లు తయారయ్యే చిన్న వయసులోనే. కాబట్టి వంశమా, నీళ్లా అని తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆ ఇంటి ఆడపిల్లను కాలువ నీళ్లు తాగే ఊరికి ఇచ్చి ఉంటే, ఆమె పళ్ల మీద మచ్చలుంటాయి. అక్కడే పుట్టి పెరిగిన ఆమె పిల్లల పళ్లు తెల్లగా ఉంటాయి. కోడలిగా ఈ ఊరికి వచ్చిన మరో ఊరి అమ్మాయికి మచ్చలుండవు, ఆమె పిల్లలకు వస్తాయి.